మూర కొలిచే చేతికి మార్కులు: కళాపోటీల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయనిర్ణేతలకు,

నమస్కారాలు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కళాశాలలూ సాంస్కృతిక సంఘాలూ ఏటా జరిపే కళాపోటీలకు పిలిస్తే మీరు కాదనకుండా వస్తారు. ఉక్కపోతలో, తిరిగీ తిరగని ఫ్యాన్ల కింద పొద్దుపోయేదాకా కూర్చుని మార్కులు వేస్తారు. ఏకపాత్రాభినయం, పౌరాణిక పద్యం, కోలాటం, జానపద నృత్యం వంటి విభాగాల్లో మీ తీర్పుల మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు. పద్యం శ్రుతి తప్పితే మీ చెవికి తెలుస్తుంది, కోలాటంలో ఒక చేయి వెనకబడితే మీ కన్ను పట్టేస్తుంది. నేను రాస్తున్నది ఇటీవల ఈ పోటీల్లో కొత్తగా చేరిన ఒక విభాగం గురించి మాత్రమే. కరపత్రాల్లో దాన్ని పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అని అచ్చు వేస్తున్నారు.

ఈ ప్రక్రియలో కళాకారుడు తన శరీరాన్నీ, తన సమయాన్నీ, ఎదుట నిలబడిన మనుషులనూ సామగ్రిగా వాడుకుంటాడు. కథ ఉండనక్కర్లేదు, పాత్ర ఉండనక్కర్లేదు. హరిశ్చంద్ర నాటకంలో నటుడు కాటికాపరిగా నిలబడతాడు గానీ నిజంగా శవాలు కాల్చడు. ఇక్కడ మనిషి తానుగానే నిలబడి, చేస్తానన్న పనిని నిజంగానే చేస్తాడు. తేడా ఇంత పెద్దదైనా మీ చేతికి నిర్వాహకులు ఇస్తున్నది మాత్రం పాత మార్కుల పట్టికే: ఆహార్యం (వేషధారణ), వాచికం (మాట పలికే తీరు), సంగీతం, రంగాలంకరణ, సమయపాలన, జనరంజకత్వం, ఒక్కోదానికి పదేసి మార్కులు. నా అభ్యంతరం ఆ కాగితం మీద. అయితే ఇలాంటి కళకు విలువ కట్టడమే కుదరదని, ఎవరికి నచ్చింది వారిదని వాదించేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. దీనికి విలువ కట్టవచ్చు, గట్టిగానే కట్టవచ్చు. ఆ పని చేయవలసిన తీరు వేరు.

ఇటీవల ఒక పోటీలో మీలో కొందరు చూసిన ప్రదర్శననే తీసుకుందాం. సభామందిరం బయట వసారాలో ఒక విద్యార్థిని గోనెపట్ట పరుచుకుని ఉదయం నుంచి సాయంత్రం దాకా పూలు కట్టింది. పక్కన గంపలో మల్లెమొగ్గలు, వాటి మీద తడిగుడ్డ, గిన్నెలో నానబెట్టిన అరటినార. ఎదురుగా పలక మీద నియమం రాసి పెట్టింది: కట్టిన దండను ఆమె తన మోచేతి నుంచి వేలికొస దాకా పట్టి ఒక మూర కొలుస్తుంది, తీసుకునే మనిషి మళ్లీ తన చేతితో కొలుచుకోవాలి, తక్కువపడితే అప్పటికప్పుడు కట్టి కలుపుతుంది, ఎక్కువైతే మిగిలిన ముక్క తెంచి తన ఒళ్లో ఉంచుకుంటుంది. డబ్బు లేదు, మాట లేదు. పొడుగు మనిషి వచ్చి చేయి చాపినప్పుడు ఆమె మరో అరడజను మొగ్గలు కట్టవలసి వచ్చేది. అయిదేళ్ల పాప వచ్చి ఎంతో గంభీరంగా చేయి చాపినప్పుడు సగానికి సగం ఆమె ఒడిలోకే పోయింది. మధ్యాహ్నానికి ఆమె బొటనవేలి పక్క చర్మం నార ఒరుసుకుని ఎర్రబడింది, చూపుడువేలి గోరు కింద పసరు పట్టింది. మూడు దాటేసరికి గంపలోని మొగ్గలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. విచ్చిన పువ్వు ముడిలో నిలవదు కాబట్టి ఆమె వేగం తగ్గింది, ఎదురుచూసేవాళ్ల వరస పెరిగింది. పూలు కొన్న ప్రతిసారీ అమ్మే మనిషి మూర చిన్నదని గొణుక్కునే మనం, ఆ రోజు మన చేతిని ఆమె చేతి పక్కన పెట్టి చూసుకోవలసి వచ్చింది.

న్యాయనిర్ణేతలు వచ్చి పది నిమిషాలైనా నిలబడలేదు. తర్వాత నోటీసు బోర్డు మీద పెట్టిన పట్టికలో ఆహార్యానికి రెండు, వాచికానికి సున్న, సంగీతానికి సున్న, సమయపాలనకు సున్న పడ్డాయి. పావుగంటలో ముగించాలన్న నిబంధన దాటినందుకు ఆ చివరి సున్న. రోజంతా సాగడమే ప్రాణమైన పనికి, రోజంతా సాగినందుకు మార్కులు తీసేశారు. బజారులో రోజూ చూసేదే కదా, ఇందులో ప్రదర్శన ఏముందని ఒక న్యాయనిర్ణేత అన్నట్టు విన్నాను. ఆ ప్రశ్నలో తప్పు లేదు. జవాబు కోసం కాసేపు నిలబడి ఉంటే ఇంకా బాగుండేది.

నిలబడినవాళ్లలో పూల అంగడి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు ఆ అమ్మాయి ముఖం వైపు చూడలేదు. ఆమె చేతులనే చూశారు. కాసేపటికి పెద్దామె ఉండబట్టలేక, “పాపా, ఎడమ బొటనవేలు గట్టిగా పెట్టు, ముడి జారతా ఉండాది,” అంది. అమ్మాయి తలెత్తకుండా వేలు సర్దుకుంది. ఆ తర్వాతి ముడులు బిగిశాయి. ఆ రోజు ఆ ప్రదర్శన మీద నేను విన్న అన్ని అభిప్రాయాల్లోకీ నికరమైన విమర్శ అదే. ఆమె పట్టుకున్నది పనిలోని లోపాన్ని, పని జరుగుతుండగానే, సరిదిద్దుకునే వీలున్న చోట.

ఇది నేను పూలమ్మే ఆమె మీద అభిమానంతో కల్పిస్తున్న కొత్త సిద్ధాంతం కాదు. నాట్యశాస్త్రం ఇరవై ఏడో అధ్యాయంలో భరతుడు ప్రదర్శన సిద్ధించిందో లేదో తేల్చే పద్ధతి చెబుతూ, ప్రాశ్నికులని పేరు పెట్టి న్యాయనిర్ణేతల జాబితా ఇచ్చాడు. అందులో యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు ఉన్నారు. రంగం మీద యజ్ఞం జరిగితే యజ్ఞం తెలిసినవాడు చెప్పాలి, విల్లు ఎక్కుపెడితే విలుకాడు చెప్పాలి అన్నది అక్కడి లెక్క. రాజు పక్కన వేశ్యను, వ్యాకరణవేత్త పక్కన విలుకాడిని కూర్చోబెట్టడానికి ఆ గ్రంథం జంకలేదు. మన పోటీల్లో మాత్రం ముగ్గురు న్యాయనిర్ణేతలూ సాధారణంగా ఒకే తరహా వేదికల నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. మీ అర్హతను నేను శంకించడం లేదు. పూలు కట్టడాన్ని తీర్పు చెప్పే బల్ల దగ్గర పూలు కట్టడం తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలంటున్నాను.

ఆ అధ్యాయంలోనే మరో మాట ఉంది. సిద్ధి, అంటే ప్రదర్శన సఫలం కావడం, రెండు రకాలు, మానుషి, దైవికి. ప్రేక్షకుల చిరునవ్వులు, బిగ్గరగా నవ్వడాలు, భళా అనడాలు, అయ్యో అనడాలు మానుషి కిందికి వస్తాయి. సభ నిండుగా ఉండి, చప్పుడు లేక, అలజడి లేక, ఏ ఉపద్రవమూ లేక సాగిపోతే అది దైవికి. మీ పట్టికలోని జనరంజకత్వం అనే గడిలో మొదటిదానికి చోటుంది, రెండోదానికి లేదు. వసారాలో ఆ మధ్యాహ్నం చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. వరసలో నిలబడినవాళ్లు మాట తగ్గించి, ఫోన్లు జేబులో పెట్టి, తమ వంతు కోసం చేయి సిద్ధం చేసుకున్నారు. దాన్ని ఏ గడిలో వేస్తారు?

ఇక పట్టిక తీసేస్తే ఏం చూడాలన్నది అసలు విషయం. నా మటుకు మొదట చూడవలసింది నియమం. ఈ ప్రక్రియలో కళాకారుడు తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంటాడు. ఆ కట్టుబాటు ఎంత గట్టిది, దాన్ని ఎంత నిజాయితీగా పాటించాడు, తప్పినచోట ఏం చేశాడు అనే ప్రశ్నలకు జవాబు దొరికితే సగం తీర్పు అయిపోయినట్టే. తైవాన్‌లో పుట్టి, అప్పట్లో అనుమతి పత్రాలు లేకుండా న్యూయార్క్‌లో బతుకుతున్న తెచింగ్ షే అనే కళాకారుడు 1980 ఏప్రిల్ నుంచి 1981 ఏప్రిల్ దాకా ఒక సంవత్సరం పాటు, రాత్రీ పగలూ తేడా లేకుండా, ఫ్యాక్టరీల్లో హాజరు కొట్టే గడియారంలో గంటకోసారి కార్డు కొట్టాడు. మొదలుపెట్టేముందు గుండు చేయించుకున్నాడు. కార్డు కొట్టిన ప్రతిసారీ తీసిన ఒక్కో ఫ్రేమును వరసగా కలిపి చూస్తే, జుట్టు పెరగడంలో ఏడాది గడవడం కనిపిస్తుంది. (గుండుతో కాలాన్ని కొలవడం గురించి తిరుపతివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.) ఏడాదిలో మొత్తం 8,760 గంటలు, అందులో 133 సార్లు అతను కార్డు సరిగా కొట్టలేకపోయాడు. వాటిని దాచలేదు. నిద్రలో పోయినవి 94 అని, మిగిలినవాటిలో ఆలస్యమైనవి ఎన్ని, ముందే కొట్టినవి ఎన్ని అని పద్దు రాసి పెట్టాడు. కార్డుల్లోనూ ఫిల్ములోనూ ఏ మార్పూ చేయలేదని సాక్షితో రాయించుకున్నాడు.

ఆ 133 లేకపోతే ఆ పని విలువ నా దృష్టిలో తగ్గేది. ఒక్క గంట కూడా తప్పలేదని ఎవరైనా చెబితే మనం మోసాన్ని శంకిస్తాం; 133 తప్పాయని లెక్క చూపించినప్పుడు మిగతా ఎనిమిది వేల పైచిలుకు గంటలను నమ్ముతాం. ఇక్కడ విలువ కట్టడానికి ప్రత్యేకమైన సౌందర్యశాస్త్రం అక్కర్లేదు. ఒక మనిషి మాట ఇచ్చి ఎంతవరకు నిలబెట్టుకున్నాడో చూడగల చూపు చాలు. అతని బట్టలు ఆ ఏడాదంతా ఒకే బూడిదరంగు యూనిఫాం. మీ పట్టికలో ఆహార్యానికి ఎన్ని వేసేవారో!

ఈ చూపు మన ప్రాంతంలో కరువు కాదు. ధర్మరాజుల గుడుల దగ్గర వేసవిలో భారతం జరిగే ఊళ్లలో పగలు హరికథ విని, రాత్రి వీధినాటకం చూసే జనానికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. అర్జున తపస్సు రోజున వేషగాడు ఎత్తైన మానును మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద తడిబట్టలతో సాగిలపడిన ఆడవాళ్లు అతను పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం, పండు కోసం కొంగు పడతారు. పద్యం గొప్పగా పాడాడా లేదా అన్నది ఒక ముచ్చట. ఉపవాసం ఉన్నాడా, పైకి పోయేకొద్దీ గొంతు వణికిందా, వణికినా పద్యం వదలకుండా ఎక్కాడా అన్నది ఇంకో ముచ్చట. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు ఈ రెండింటినీ కలగాపులగం చేయరు. “పాట బాగానే ఉండాది గానీ మాను ఎక్కింది వాడే, అర్జునుడు ఎక్కలా,” అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చివరి రోజు పొద్దున నేల మీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడి వేషం తిరుగుతుంటే అరుపులు, కేకలు మిన్నంటుతాయి. తొడ విరిగి, ద్రౌపది జుట్టు ముడివేసుకునే ఘడియలో ఆ వేలమందీ ఎలా ఉంటారో చూసినవాళ్లకు భరతుడు చెప్పిన రెండు సిద్ధులూ వేరే వివరించి చెప్పనక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టడం మొక్కు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం సుద్ద, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం పూసుకుని తాతయ్యగుంటలోని గంగమ్మ గుడి వైపు నడిచే మనిషి ఎవరి మార్కుల కోసమూ నడవడు. చీర కట్టి, జడ వేసి అతన్ని సిద్ధం చేసే భార్యో అక్కో న్యాయనిర్ణేత కారు. మొక్కుకు పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అని పేరు పెట్టి గౌరవించినట్టు భావించడం నాకు నచ్చదు. దానికి ఆ గౌరవం అవసరం లేదు. కానీ ఇందుకు వ్యతిరేక దిశలో జరిగే పొరపాటును మీరు ఎక్కువగా ప్రోత్సహిస్తున్నారు. రెండు మూడేళ్లుగా విద్యార్థులు జాతర వేషాన్ని వేదిక మీదికి తెచ్చి, పంబల మోత రికార్డు పెట్టి, నాలుగు చిందులు వేసి దిగిపోతున్నారు. స్థానికత బాగా పండిందని మీరు బహుమతులు ఇస్తున్నారు. వీధిలో ఆ వేషాన్ని నిలబెట్టింది మొక్కు. వేదిక మీద మొక్కు లేదు; దాని స్థానంలో ఆ విద్యార్థి కొత్తగా ఏ నియమం పెట్టుకున్నాడు? ఏమీ పెట్టుకోకపోతే అది ఫ్యాన్సీ డ్రెస్సు పోటీకి వెళ్లవలసిన ఎంట్రీ. అక్కడ మొదటి బహుమతి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నొప్పి గురించి కూడా మాట్లాడుకోవాలి. పూలు కట్టిన అమ్మాయి పాల్గొన్న పోటీలోనే మొదటి బహుమతి, గాజుపెంకుల మీద పడుకుని ఎర్రరంగు పోయించుకున్న ఒక యువకుడికి వచ్చింది. అతని తెగువను నేను తక్కువ చేయను. అయితే ఆ పెంకుల అంచులు ముందే అరగదీసి ఉన్నాయని దగ్గర కూర్చున్నవాళ్లకు కనిపించింది. అతను పడుకున్నంతసేపూ మైకులో ఒక మిత్రుడు సమాజం, హింస, నిశ్శబ్దం అంటూ చదువుతూనే ఉన్నాడు. చూసేవాళ్లు చేయగలిగింది అయ్యో అనుకోవడం తప్ప ఏమీ లేదు. నెత్తురు కనిపిస్తే విలువ ఉన్నట్టే అనే భ్రమ ఈ కళకు బయటి దేశాల నుంచి వచ్చిన మాట నిజమే. 1971లో అమెరికాలో క్రిస్ బర్డెన్ అనే కళాకారుడు ఒక మిత్రుడి చేత తుపాకితో తన చేతికి కాల్పించుకున్నాడు. ఆ కథ అప్పటి నుంచి తరగతి గదుల్లో తిరుగుతూనే ఉంది. కానీ 1974లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో మెరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి చేసింది వేరు. బల్ల మీద 72 వస్తువులు పెట్టి, వాటిలో గులాబీ నుంచి తుపాకి, తూటా దాకా ఉంచి, ఆరు గంటలసేపు మీరు నన్ను ఏమైనా చేయవచ్చు అని కదలకుండా నిలబడింది. జనం మొదట మెల్లగా, తర్వాత క్రూరంగా ప్రవర్తించారు. బట్టలు కోశారు, చర్మం గీశారు, తుపాకి కూడా ఎత్తారు. ఆరు గంటలు ముగిసి ఆమె కదిలి నడిచేసరికి ఆమె ముఖం చూడలేక తప్పుకుపోయారని ఆమే తర్వాత చెప్పింది. అక్కడ ప్రమాదం ఆమె తెగువను చాటడానికి పెట్టింది కాదు. చూడవచ్చినవాళ్ల చేతుల్లో పెట్టింది, వాళ్లేం చేస్తారో వాళ్లకే చూపించింది. కాబట్టి మీరు అడగవలసింది ఎంత నొప్పి పడ్డాడన్నది కాదు. ఆ నొప్పి లేకపోతే ఈ పనిలో ఏ భాగం కూలిపోయేది అన్నది. ఆ యువకుడి ప్రదర్శనలో గాజుపెంకులు తీసేసి చాప పరిచినా మైకులో పాఠం అలాగే సాగేది. ఒక అమ్మాయి బొటనవేలు ఎర్రబడటం మాత్రం, చాలా చిన్న విషయమే అయినా, పని నుంచి విడదీయలేనిది. పైగా వేదికల మీద నొప్పికి బహుమతులిచ్చుకుంటూ పోతే వచ్చే ఏడాది ఏ పిల్లవాడు అంచులు అరగదీయకుండా వస్తాడోనన్న భయం నాకుంది. ఆ బాధ్యతలో మీకూ వాటా ఉంటుంది.

రెండోది, వివరణ కాగితం. ఈ విభాగంలో ప్రతి ఎంట్రీ పక్కనా ఒక కాగితం అంటిస్తున్నారు, దాన్ని మీరు ముందు చదివి తర్వాత ప్రదర్శన చూస్తున్నారు. తిరగేసి చేయండి. కాగితం లేకుండా చూసినప్పుడు మిగిలేదెంతో అదే ఆ పని బలం. ఈ పరీక్షలో నేను మెచ్చిన ప్రదర్శనకూ మినహాయింపు లేదు. పూలు కట్టిన అమ్మాయి వెనక గోడ మీద, ఇది స్త్రీల లెక్కకు రాని శ్రమకు ప్రతీక అని పెద్ద అక్షరాలతో ఒక ప్రకటన ఉంది. పలక మీది నియమం మనిషిని చేయి చాపమంది. గోడ మీది ప్రకటన ఆ చేయి చాపడానికి అర్థమేమిటో ముందే చెప్పేసి, మనకు ఆలోచించే పని లేకుండా చేసింది. మధ్యాహ్నం గంప ఖాళీ అయినప్పుడు స్నేహితురాలు మరో గంప తెచ్చి పెట్టడం ఇంకో లోపం. మొగ్గలు అయిపోతే అయిపోయాయని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటే, వరసలో మిగిలినవాళ్లు ఏం చేసేవారో తెలిసేది. మీ సున్నల బదులు ఈ రెండు మాటలు ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే ఆమె తర్వాతి పనికి పనికొచ్చేవి.

మూడోది, ఆ పని ఆ మనిషి, ఆ చోట, ఆ కాలంలో తప్ప కుదరనిదా అని చూడటం. యోకో ఓనో అనే కళాకారిణి 1964లో జపాన్‌లోని క్యోటోలో వేదిక మీద మోకరిల్లి కూర్చుని, ఎదుట కత్తెర పెట్టి, వచ్చినవాళ్లు తన బట్టల్లో ఒక్కో ముక్క కత్తిరించుకుపోవచ్చని చెప్పింది. అప్పుడామెకు 31 ఏళ్లు. అదే పనిని 2003లో పారిస్‌లో, డెబ్బై ఏళ్ల వయసులో, ప్రపంచమంతా ఎరిగిన మనిషిగా మళ్లీ చేసింది. నియమం ఒక్కటే, కత్తెర ఒక్కటే. అయినా రెండు పనుల బరువు ఒకటి కాదు, ఎందుకంటే కత్తెర ముందు కూర్చున్న శరీరం మారింది, కత్తిరించేవాళ్ల భయభక్తులు మారాయి. పూల ప్రదర్శననే విజయవాడలో చేస్తే మంచి ప్రదర్శనే అవుతుంది. కానీ తిరుమల కొండ మీద పూలన్నీ స్వామివేనని ఆడవాళ్లు తలలో పువ్వు పెట్టుకోని ఆచారమున్న ఊరి పాదాల దగ్గర, ఎవరి పువ్వు ఎవరిదన్న ప్రశ్నతో మూర కొలిచి ఇవ్వడానికి ఇంకో పొర ఉంది. ఆ పొరను ఆమె కాగితం మీద రాయలేదు. ఆ ఊరివాళ్లకు రాయనక్కర్లేదు కూడా.

ధర విషయం త్వరగా ముగిస్తాను. ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు, బయటి దేశాల్లో అరటిపండును గోడకు టేపుతో అంటించి కోట్లకు అమ్ముకున్నారట కదా అంటారు. అమ్మారు. కానీ అందులో ఎవరి శరీరమూ లేదు, ఎవరి సమయమూ లేదు. అది ఈ విభాగానికి చెందిన పని కాదు. ఈ విభాగానికి చెందిన టీనో సేగల్ అనే కళాకారుడు తన పనులకు ఫొటోలు తీయనివ్వడు, కాగితం మీద ఒప్పందం రాయడు. నోటరీ సమక్షంలో నోటిమాటగా అమ్ముతాడు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ కూడా అతని పనిని అలాగే కొన్నది. కొనేవాళ్లు ఉన్నంతమాత్రాన విలువ ఉన్నట్టు కాదు, కొనడానికి వస్తువే లేనంతమాత్రాన విలువ లేనట్టూ కాదు. మన పోటీల్లో బహుమతి ఒక షీల్డు, ఒక శాలువ, ఏదో కొంత నగదు. ఇక్కడ ధర పేరు చెప్పి బెదరవలసిన పని లేదు.

మార్కులు లేకపోతే పక్షపాతానికి తలుపులు తెరిచినట్టే కదా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. కులం పేరుతోనో, కళాశాల పేరుతోనో, శిష్యుడన్న మమకారంతోనో తీర్పులు వంకరపోయిన అనుభవాలు అందరికీ ఉన్నాయి, అంకెలు ఉంటే ఆధారం చూపించవచ్చన్న ఆశ అర్థం చేసుకోదగ్గదే. కానీ అంకె ఆధారం చూపించదు, ఆధారాన్ని దాచిపెడుతుంది. జనరంజకత్వానికి పదికి నాలుగు ఎందుకు వేశారని అడిగితే చెప్పవలసిన బాధ్యత ఇవాళ ఎవరికీ లేదు. అదే న్యాయనిర్ణేత, ‘నేను ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా చూశాను, నియమం ఇది, ఇక్కడ నిలబడింది, ఇక్కడ జారింది’ అని అరపేజీ తెలుగులో రాసి సంతకం పెడితే, ఆ అరపేజీని ఎవరైనా ప్రశ్నించవచ్చు. పక్షపాతం ఉంటే అది వాక్యాల్లో బయటపడుతుంది, అంకెల్లో పడదు. ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒకే పని మీద వేర్వేరుగా రాస్తే దాన్ని సమస్యగా చూడకండి. రెండూ పక్కపక్కన అంటించండి. చేసిన పిల్లలు రెండూ చదువుకుంటారు.

కాబట్టి మీ ముందు, మీ ద్వారా నిర్వాహకుల ముందు నేను పెడుతున్న విన్నపం ఇది. వచ్చే పోటీల కరపత్రం అచ్చుకు వెళ్లేలోగా ఈ ఒక్క విభాగానికి ఆ మార్కుల పట్టికను రద్దు చేయమని నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పండి. అది లేకుండా కూర్చుంటామని మీరంటే కాదనే ధైర్యం వాళ్లకు ఉండదు. పావుగంట నిబంధన ఎత్తేయించి, అందుకు బదులు దరఖాస్తులోనే ప్రదర్శన ఎంతసేపు సాగుతుందో, పాటించే నియమం ఏమిటో రెండు వాక్యాల్లో రాయించుకోండి. రోజంతా సాగే పనులు ఎక్కువైతే ఎంట్రీల సంఖ్య తగ్గించండి, లేదా న్యాయనిర్ణేతలు వంతులవారీగా కూర్చుని అసలు ఖాళీ లేకుండా చూడండి. చూడని పని మీద తీర్పు రాయకండి. దేహానికి గాయం చేసుకునే ఎంట్రీలను వైద్యుడు ఒప్పుకోనిదే వేదిక ఎక్కనివ్వకండి. ఏ ఏడాదైనా బహుమతికి తగిన పని లేకపోతే ఇవ్వకుండా ఉండే హక్కును నిబంధనల్లో చేర్పించుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఎంట్రీలు ఖరారయ్యాక వాటిలో చేసే పనులేమిటో చూసుకుని, ఆ పని తెలిసిన మనిషిని మీ పక్కన కూర్చోబెట్టండి. కుమ్మరి చక్రం ఉంటే కుమ్మరిని, మగ్గం ఉంటే నేతగాడిని, క్షవరం ఉంటే కల్యాణకట్టలో కత్తి పట్టిన మనిషిని పిలవండి. వాళ్లు ఒకరోజు పని మానుకుని వస్తారు కాబట్టి ఆ రోజు కూలికి తగ్గకుండా, మీకిచ్చేంత పారితోషికమే ఇప్పించండి. రాయడం అలవాటు లేనివాళ్లయితే వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే, రాసిపెట్టడానికి ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టండి. నాట్యశాస్త్రం నాటి సభల్లోనూ ప్రాశ్నికుల దగ్గర లేఖకులు, లెక్క చూసేవాళ్లు ఉండేవారు. కుర్చీ మాత్రం వెనక వరసలో వేయకండి. శాలువ కప్పే వరస వచ్చినప్పుడు వాళ్ల పేరు కూడా మైకులో మీ పేర్లతో పాటు, అదే గౌరవంతో చదివించండి.

ఇట్లు,
మీ పోటీలను ఏళ్లుగా చూస్తున్న ఒక ప్రేక్షకుడు,
తిరుపతి.